మరుపుకు ఆకు వెతికే ముందు

(హనుమకొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక రిటైర్డ్ వృక్షశాస్త్ర అధ్యాపకురాలు మరుపుకు వాడే ఆకు మందుల గురించి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్నవాళ్లు కొంచెం ముందుకు వంగి చూడండి. వెనక ఉన్నవాళ్లకు కనిపించకపోతే నేనే మధ్యలోకి వస్తాను. నా కుడిచేతిలో ఒక కుండీ, ఎడమచేతిలో ఒక కుండీ. రెండూ మా ఇంటి వెనక నల్లా దగ్గర పెంచుకున్నవే. కుడిచేతిలోది ఏంటి? సరస్వతి ఆకు. అందరూ ఒక్కసారే చెప్పారు. మరి ఎడమచేతిలోది? ఎవరో అమ్మ గంగవాయిలి కూర అంటున్నారు. కాదమ్మా, కానీ మీరు అట్లా అనుకోవడంలో తప్పు లేదు, ఆకు అంత దళసరిగా ఉంది మరి. కొరికితే తెలిసిపోతుంది. గంగవాయిలి పుల్లగా ఉంటుంది, ఇది కటిక చేదు. దీని పేరు నీరుబ్రాహ్మి.

ఇప్పుడు సరిగ్గా చూడండి. సరస్వతి ఆకు గుండ్రంగా ఉంటుంది, అంచు చుట్టూ చిన్న చిన్న నొక్కులు, పొడుగాటి కాడ. తీగ నేల మీద పాకుతుంది, కణుపు కణుపుకూ వేరు దిగుతుంది. కొత్తిమీర కుటుంబానికి చెందిన మొక్క. పాఖాల వైపు కాలువ గట్ల మీద డిగ్రీ పిల్లలకు దీన్ని చూపించేదాన్ని, చెప్పుల కింద పడి నలిగేంత ఉండేది. నీరుబ్రాహ్మికి ఆకు కాడే ఉండదు. చిన్న గరిటె ఆకారంలో, జంటలు జంటలుగా, నేరుగా కాండానికే అంటుకుని ఉంటుంది. పూస్తే తెల్లగానో లేత ఊదాగానో చిన్న పువ్వు. ఈ రెండు మొక్కలకూ చుట్టరికమే లేదు. లోపలి రసాయనాలు కూడా వేరు వేరు.

మరి నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో బ్రాహ్మి అని రాసిన సీసా ఉంది. అందులో ఉన్నది ఈ చేతిలోదా, ఆ చేతిలోదా? ఉత్తర భారతంలో చాలాచోట్ల సరస్వతి ఆకునే బ్రాహ్మి అంటారు. కేరళలో నీరుబ్రాహ్మిని బ్రాహ్మి అంటారు. ప్రభుత్వం ప్రచురించిన ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణ గ్రంథంలో, మాత్రం స్పష్టంగా ఉంది. బ్రాహ్మి అంటే బకోపా మోనియేరి, అంటే ఎడమచేతిలోది. మండూకపర్ణి అంటే సెంటెల్లా ఏషియాటికా, అంటే మన సరస్వతి ఆకు. లేబుల్ మీద ఆ శాస్త్రీయ నామం ఉందా లేదా చూడండి. పోయిన వారం మన కార్యదర్శిగారితో చెప్పించాను, ఇంట్లో ఉన్న సీసాలు సంచిలో వేసుకుని రండని. తెచ్చారు కదా? మంచిది, చివర్లో చూద్దాం.

జ్ఞాపకశక్తికని అమ్మే ఇంకో మందు శంఖపుష్పి, దాని దగ్గర ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. మనకు శంఖుపూలు అంటే కంచె మీద పాకే నీలం పూల తీగ. పూజకు కోసుకుంటాం. దక్షిణాదిలో కొందరు దాన్నే శంఖపుష్పిగా వాడతారు. ఉత్తరాదిలో నేల మీద పరుచుకునే వేరే మొక్క ఉంది, కన్వాల్వులస్. ఫార్మకోపియాలో ఉన్నది అదే. ఇంకొందరు విష్ణుక్రాంతను వాడతారు, వినాయక చవితి పత్రిలో పెడతామే, అది. ఒకే పేరుతో మూడు మొక్కలు. ముప్పై ఏళ్లు పిల్లలకు మొక్కల పేర్లు నేర్పినదాన్ని కాబట్టి నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. ఏ మొక్కో తెలియకుండా అది పని చేసిందని ఎట్లా అంటాం? చేయలేదని మాత్రం ఎట్లా అంటాం?

నేను ఆకులకు వ్యతిరేకిని అనుకోకండి. నా బతుకంతా ఆకులతోనే గడిచింది. చరక సంహిత చికిత్సా స్థానంలో మేధ్య రసాయనాలని, అంటే బుద్ధికి బలమిచ్చే మందులని, నాలుగు చెప్పారు. మండూకపర్ణి రసం, పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద. ఆ నాలుగింటిలో శంఖపుష్పి విశేషమైనదని కూడా అక్కడే ఉంది. ఇవ్వాళ ప్రతి షాపులో ముందు వరుసలో ఉండే బ్రాహ్మి ఆ నాలుగింటిలో లేదు. వేరే చోట్ల బ్రాహ్మిని ప్రస్తావించారు, అది నిజం. కానీ వేల ఏళ్ల కింద చెప్పారు అని సీసా మీద రాసినప్పుడు ఏం చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎట్లా తీసుకోమన్నారు అని అడిగే హక్కు మనకుంది. వైద్యుడు మనిషిని చూసి, జీర్ణశక్తిని చూసి ఇచ్చే పద్ధతి అది. టీవీలో చూసి ఫోన్ చేసి తెప్పించుకునే పద్ధతి కాదు.

సరే, పరీక్షించి చూశారా? చూశారు. నీరుబ్రాహ్మి మీద మంచి ప్రయత్నాలే జరిగాయి. ఆస్ట్రేలియాలో 2001లో 46 మందితో ఒకటి, 2002లో 40 నుంచి 65 ఏళ్ల వయసున్న 76 మందితో ఇంకొకటి. సగం మందికి బ్రాహ్మి సారం, సగం మందికి మందు లేని ఖాళీ మాత్ర. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్లకూ తెలియదు, ఇచ్చేవాళ్లకూ తెలియదు. రెండో అధ్యయనంలో ఏం కనిపించిందంటే, కొత్తగా నేర్చుకున్నది మరిచిపోవడం కొంచెం తగ్గింది. నేర్చుకునే వేగం మాత్రం పెరగలేదు. ఈ రకం అధ్యయనాల్లో ఎక్కువగా వాడింది రోజుకు 300 మిల్లీగ్రాముల సారం, 12 వారాల పాటు. పది రోజుల్లో జ్ఞాపకశక్తి రెట్టింపు అని ఎవరైనా అంటే ఈ 12 వారాల మాట గుర్తు చేసుకోండి. కొందరికి కడుపు నొప్పి, వికారం, ఎక్కువసార్లు విరేచనానికి పోవాల్సి రావడం కూడా ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ రెండు అధ్యయనాల్లో పాల్గొన్నది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లు కాదు. ఆ రెంటి మధ్య చాలా దూరం ఉంది.

పెద్ద పరీక్ష అంటే జింకో మీద జరిగింది. జింకో చైనాలో పుట్టిన చెట్టు, విసనకర్ర లాంటి ఆకు. మన పిల్లలు అమెరికా నుంచి వచ్చేటప్పుడు అమ్మానాన్నలకు ప్రేమగా తెస్తారు, పెద్ద డబ్బా. ఇక్కడ ఎంతమంది ఇళ్లలో ఉంది? చేతులు ఎత్తండి. చాలానే ఉన్నాయి. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3069 మందిని తీసుకున్నారు. రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాములు, లేదంటే ఖాళీ మాత్ర. ఆరేళ్లకు పైగా గమనించారు. 2008లో ఫలితం వచ్చింది. ఖాళీ మాత్ర మింగినవాళ్లలో 246 మందికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, వచ్చింది. జింకో మింగినవాళ్లలో 277 మందికి వచ్చింది. అంటే ఆపలేకపోయింది. 2012లో ఫ్రాన్స్ అధ్యయనం 2820 మందితో, అందులోనూ అంతే. ఇంతమంది పెద్దవాళ్లు అన్నేళ్లు మాత్రలు మింగి మన కోసం ఈ సంగతి తేల్చి పెట్టారు. దాన్ని గౌరవించాలని నా మనవి.

మొక్కల నుంచి మెదడుకు మందు రాదా అంటే, వచ్చింది. స్నోడ్రాప్ అని చలి దేశాల్లో తెల్లటి పూల మొక్క ఉంటుంది. అందులో దొరికిన గాలంటమైన్‌ను ఇవ్వాళ మతిమరుపు జబ్బుల్లో ఒకటైన ఆల్జీమర్స్‌కు డాక్టర్లు రాస్తారు, అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. జబ్బును తీసేయదు, లక్షణాలను కొంతకాలం కొంత తగ్గిస్తుంది. మొక్కలో ఒక పదార్థాన్ని గుర్తించి, ఎంత ఇవ్వాలో కొలిచి, చెడు చేస్తే ఏం చేస్తుందో రాసి పెట్టుకున్నారు. నేను ఆకుల నుంచి కోరుకునేది కూడా అదే.

ఇప్పుడు నేను ఈ మాట మాట్లాడటానికి ఎందుకు ఒప్పుకున్నానో చెప్తాను. మా అత్తమ్మ గురించి.

మా అత్తమ్మది పరకాల దగ్గర ఊరు. సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టులో ఎవరికి సందేహం వచ్చినా మా అత్తమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు. తాంబాళంలో గుమ్మడాకు పరిచి, తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, చేతులు వాటంతట అవే పోయేవి. ఆ ఏడాది ఆమె పీట మీద కూర్చుని తంగేడు పూల కట్ట చేతిలో పట్టుకుని, నా ముఖం చూసి, "ఇప్పుడేది పెట్టాలె బిడ్డా?" అని అడిగింది. నేను నవ్వుతూ చెప్పాను. మళ్లీ వరుసకు మళ్లీ అడిగింది. మూడోసారి నాకు నవ్వు రాలేదు.

వయసు 71. వయసే కదా అనుకున్నాం. మా ఆయన జ్ఞాపకశక్తి మాత్రలు తెచ్చారు. బ్రాహ్మి, శంఖపుష్పి, అశ్వగంధ, అన్నీ కలిపిన సీసా. వద్దనలేదు నేను. ఆ మొక్కలు నాకు తెలిసినవే కదా, నష్టం ఏముంటుంది అనుకున్నాను. ఏడు నెలలు వేశాం. పొద్దునొకటి, రాత్రొకటి, నా చేతులతోనే ఇచ్చాను. ఆ ఏడు నెలల్లో ఆమె అరికాళ్లు మంటలని చెప్పింది. చెప్పు జారిపోయినా తెలియట్లేదంది. గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. అవన్నీ షుగర్ జబ్బు మీదికి నెట్టేశాం. మరుపుకు మందు వేస్తున్నాం కదా అని ధీమా.

తర్వాత ఒక చిన్న వయసు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆ అమ్మాయి మా అత్తమ్మను నిలబెట్టి, పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకోమంది. మూయగానే మా అత్తమ్మ పక్కకు ఒరిగిపోయింది, ఆ అమ్మాయి పట్టుకుంది. షుగర్‌కు ఏ మాత్ర, ఎన్నేళ్లుగా అని అడిగింది. మెట్‌ఫార్మిన్, పన్నెండేళ్లు. గుడ్డు, మాంసం తింటారా? లేదు. పాలు? టీలో వేసుకునేంత. రక్తపరీక్షలో బి12 విటమిన్ అడుగంటి ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 ఒంటికి పట్టడం తగ్గవచ్చు. ఆకుకూరల్లో, పప్పుల్లో బి12 దొరకదు. అది తగ్గితే మరుపు, అరికాళ్ల తిమ్మిర్లు, తూలడం. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక రెండు మూడు నెలల్లో మాటలో తెలివి తిరిగొచ్చింది. ఆ మరుసటి ఏడాది బతుకమ్మ తనే పేర్చింది. కానీ కాళ్ల తిమ్మిరి పూర్తిగా పోలేదు. నరాలు ఎక్కువ కాలం దెబ్బతింటే కొంత అట్లాగే మిగిలిపోతుందని చెప్పారు. ఆ ఏడు నెలల తప్పు నాది. సీసాలో విషం లేదు. కానీ ఆ సీసా ఉందని మేము అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

మరి ఆ ప్రశ్న ఏంటి? మరుపు ఎందుకు వస్తోంది? అంతే. ఎందుకంటే కొన్ని మరుపులు తగ్గించగలిగినవే. థైరాయిడ్ తగ్గితే మరుపు. దిగులు పట్టుకుంటే మరుపు, భార్యనో భర్తనో పోగొట్టుకున్న తర్వాత వచ్చే మరుపులో ఇది చాలా ఉంటుంది. నిద్ర మాత్రలు, జలుబుకూ దురదకూ వేసుకునే మత్తు వచ్చే మాత్రలు పెద్దవాళ్లలో మతిని మందగింపజేస్తాయి. బాత్రూంలో జారి తలకు దెబ్బ తగిలింది, పైకి ఏమీ లేదు, కొన్ని వారాల తర్వాత మనిషి మందంగా అయ్యాడు, నడక మారింది. తల లోపల నెమ్మదిగా రక్తం చేరి ఉండొచ్చు. స్కాన్ తీస్తే తెలుస్తుంది, సమయానికి ఆపరేషన్ చేస్తే మనిషి తిరిగొస్తాడు. అట్లాంటి మనిషికి మనం లేహ్యం నాకించుకుంటూ కూర్చుంటే? వినపడకపోవడం కూడా ఉంది. మీరు చెప్పింది ఆయన మరిచిపోలేదు, అసలు వినలేదు. కుడివైపు కూర్చున్న పెద్దాయన తల ఊపుతున్నారు.

మందులు మందులతో గొడవపడే సంగతి కొంచెం చెప్పాలి, ఇది నాకు భయం కలిగించే విషయం. 1992లో బొంబాయి డాక్టర్లు ఒక సంగతి బయటపెట్టారు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడుతూ బాగున్న రోగులు శంఖపుష్పి సిరప్ మొదలుపెట్టాక మళ్లీ ఫిట్స్ తెచ్చుకున్నారు. రక్తంలో ఫెనిటాయిన్ తగ్గిపోయింది. ఎలుకల మీద చూస్తే అక్కడా ఆ సిరప్ ఫెనిటాయిన్ పనికి అడ్డుపడింది. పిల్లవాడు మూర్ఛ మందు వాడుతున్నాడు, చదువులో వెనకబడ్డాడని తల్లి ఆ సిరప్ పోస్తుంది. ఎంత సహజంగా జరిగిపోతుందో చూడండి. జింకోతో రక్తం పలచబడే ప్రమాదం ఉంది. గుండెకు స్టెంట్ వేసుకుని రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు, వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టకండి. అశ్వగంధ, మనం పెన్నేరు గడ్డ అంటామే, అది థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు వచ్చాయి. తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. వాళ్లు వాడింది అసలు తిప్పతీగా, దాని చుట్టపు తీగా అని వాదన కూడా నడిచింది. మళ్లీ అదే చూడండి, ఏ మొక్కో తెలియాలి! అతిమధురం ఎక్కువ రోజులు తింటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. లేహ్యంలో చక్కెరో బెల్లమో ఉంటుంది, అరిష్టం అనే ద్రవ మందులో పులిసినప్పుడు పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు, లివర్ బాగాలేనివాళ్లు అది లెక్కలో పెట్టుకోవాలి.

ఇంకొకటి. 2004లో అమెరికాలో బోస్టన్ షాపుల్లో అమ్మే ఆయుర్వేద ఉత్పత్తులు 70 కొని పరీక్షిస్తే 14 ఉత్పత్తుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్‌నో దొరికింది. అందుకే లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ చిరునామా లేని పొడి, జాతరలో పొట్లం కట్టి ఇచ్చిన పొడి తీసుకోకండి. కొన్ని సీసాల మీద ఆయుర్వేద మందుల లైసెన్సు ఉంటుంది. కొన్నింటి మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటుంది, అంటే అది చట్టం దృష్టిలో ఆహారం. దాని మీదే చిన్న అక్షరాల్లో మందుగా వాడేందుకు కాదు అని రాసి ఉంటుంది. పెద్ద అక్షరాల్లో మెదడు బొమ్మ, చిన్న అక్షరాల్లో ఆ మాట. భూతద్దం పెట్టి అయినా చదవండి.

పిల్లల గురించి రెండు మాటలు. ఇక్కడ అమ్మమ్మలు, నానమ్మలు ఉన్నారు కాబట్టి. మాటలు తొందరగా రావాలని పురిటి పిల్లలకు వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం, అంత పాత నమ్మకం. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది, ఎలుకల్లో అది క్యాన్సర్ తెచ్చింది. ఆ కారణంగా అమెరికాలో 1968లోనే ఆహారంలో వసను నిషేధించారు. ఆరు నెలల దాకా బిడ్డకు తల్లిపాలు చాలు, నీళ్లు కూడా అక్కర్లేదు. తేనె ఏడాది నిండేదాకా వద్దు. మాటలు రాకపోతే ముందు బిడ్డకు వినపడుతోందా అని పరీక్ష చేయించండి.

ఇంటర్ పిల్లలకు సిరప్‌లు కొనే తల్లిదండ్రులకు నా మాట ఒక్కటే, పిల్లవాడిని పడుకోనివ్వండి. పగలు చదివింది నిద్రలోనే మెదడులో కుదురుకుంటుంది. పదిసార్లు చదివించే బదులు పుస్తకం మూసి చెప్పించండి. మన అవధానులు చేసేది ఏంటి? చివర్లో ధారణ. పద్యాలన్నీ చూడకుండా వరుసగా ఒప్పజెప్పడం. ఆ శక్తి సాధనతో వచ్చింది.

మన దేశంలో 60 దాటినవాళ్లలో వందకు ఏడుగురికి పైగా, దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. దీనికి ఇవ్వాళ పూర్తిగా నయం చేసే మందు ఆకులోనూ లేదు, ఆస్పత్రిలోనూ లేదు. కానీ 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 14 కారణాలు చెప్పింది. వాటిని జీవితమంతా అదుపులో పెట్టగలిగితే సుమారు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా వెనక్కి జరపవచ్చు అంది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, మద్యం, బరువు, కదలకుండా కూర్చోవడం, చెవుడు, చూపు తగ్గడం, తలకు దెబ్బలు, దిగులు, ఒంటరితనం, గాలి కాలుష్యం, చిన్నప్పటి చదువు. నెలకు వెయ్యి రూపాయల సీసా కొనేవాళ్లు ఆ డబ్బు దాచుకుంటే చెవి మిషన్‌కు వస్తుంది. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున నడిస్తే ఖర్చే లేదు, నలుగురితో మాట్లాడుకుంటూ నడిస్తే ఇంకా మంచిది.

ఒక అమ్మ చీటీ పంపారు. వాళ్ల అమ్మకు డాక్టర్లు ఆల్జీమర్స్ అని తేల్చారట. కూతురి పేరు గుర్తులేదు, బతుకమ్మ పాట మాత్రం మొదటి నుంచి చివరిదాకా పాడుతుందట. సరస్వతి ఆకు పచ్చడి పెట్టవచ్చా అని అడిగారు. అమ్మా, ఆమె మందుల చీటీ మీ డాక్టర్‌కు చూపించి అడగండి, వద్దనకపోతే ఇష్టంగా తింటే కూరగా కొంచెం పెట్టండి. దానితో పేరు గుర్తొస్తుందని మాత్రం ఎదురుచూడకండి. పాటలు మెదడులో చాలాకాలం నిలుస్తాయి. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని ఆమెతో పాడండి, చప్పట్లు కొట్టించండి. మీ పేరు పలకకపోయినా మీ గొంతు ఆమెకు హాయిగా ఉంటుంది.

ఇక సంచులు తెచ్చినవాళ్లు ఒక్కొక్కరుగా ఈ బల్ల దగ్గరికి రండి. సీసాతో పాటు మీరు రోజూ వేసుకునే మాత్రల చీటీ కూడా చేతిలో పెట్టుకోండి. నేను మొక్క పేరు చదివి చెప్తాను, పక్కన కూర్చున్న డాక్టరమ్మ మీ చీటీ చూస్తారు. కుండీలు ఇక్కడే ఉంటాయి, రెండు ఆకులూ ముట్టుకుని చూసి పోండి.